రేవు గడకు ఆరేసిన పెళ్లిచీర

మా చిన్నప్పుడు... మేళ్లచెరువు దిక్కు మా రేవు నుంచి కృష్ణ దాటాలంటే ఉన్నది ఒక్కటే పడవ. ఇరవై మంది నిండితే గానీ కదిలేది కాదు. అది అవతలి ఒడ్డున ఉంటే, ఇవతలి ఒడ్డున పాతిన గడకు తెల్ల తువ్వాల కట్టాలి... మనుషులున్నాం, తీరిక చూసుకుని రమ్మని. ఎర్రగుడ్డ కట్టారంటే మాత్రం ఎవరికో ప్రాణం మీదికి వచ్చినట్టు. అప్పుడు పడవ నడిపే సైదులు మామ ఉన్నపళంగా వచ్చేవాడు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, నాకు తొమ్మిదేళ్లు. అవతలి ఊళ్లో మా మేనత్త కూతురు లక్ష్మి వదిన పెళ్లి. మేనమామ పెట్టిన చీరతోనే పెళ్లికూతురు పీటల మీద కూర్చోవాలి. ఆ మేనమామ మా బాపు. తన మగ్గం మీదే చీర నేసి, ముందురోజే పెళ్లికి వెళ్లిపోయాడు. కొంగుకు కుచ్చులు వేయడం మా అవ్వ పని... అవ్వ పని అంటే ప్రతి ముడీ మూడుసార్లు విప్పి చూడాలి. అది తెల్లారాకగానీ తెమల్లేదు.

అవ్వా నేనూ రేవుకు చేరేసరికి పడవ అప్పుడే అవతలికి పోయింది. ముహూర్తం పదకొండుకు. తువ్వాల కట్టి కూర్చున్నాం... గంట గడిచింది. చీర మూట నా ఒళ్లో ఉంది. కుదురుగా ఉంటే నేనెందుకవుతాను... నీళ్లలో కాళ్లు ఆడిస్తుంటే మూట జారి చీర అంచు తడిసింది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. తడిసిన పట్టును మడతలో ఉంచకూడదని నేతింటి వాళ్లకు వేరే చెప్పాలా... అవ్వ తువ్వాల విప్పేసి, చీరను గడకు ఆరేసింది. ఎర్రచీర. ఆ సంగతి మా ఇద్దరికీ తట్టనే లేదు.

పావుగంటలో పడవ వచ్చేసింది. అందులో సైదులు మామ, రోగిని పడుకోబెట్టడానికి ఒక నులక మంచం.

"ఎవలికి పానం బాగలేదు?" రొప్పుతూ అడిగాడు.

"ఎవలికేం గాలే కొడుకా... చీరె తడిసింది," అంది అవ్వ.

ఆయన మంచం మీద కూలబడ్డాడు. "బువ్వ ముంగట నుంచి లేసి ఉరికొచ్చిన గదనే అవ్వా."

"అయితే నడువు, పెండ్లిల తిందువు."

మూతి ముడుచుకునే ఎక్కించుకున్నాడు... నడి ఏట్లో మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాడు. చీర ఆ మంచం మీదే ఆరుతూ వచ్చి ముహూర్తానికి అందింది. సైదులు మామ రెండు బంతుల్లో కూర్చుని తిన్నాడు. ఇవతల మా రేవులో జనం తువ్వాల కట్టి మధ్యాహ్నం దాకా కాచుకున్నారట.

ఇప్పుడు వంతెన పడింది. బండి మీద పది నిమిషాలు. అవ్వ లేదు. మొన్న వదిన ఆ చీర తీసి చూపించింది. అంచున అరచేతంత నీటి మరక అట్లాగే ఉంది.

"పట్టుచీరెలు ఉతికే దుకాణంల ఇస్తే పోతదేమో వదినా," అన్నాను.

"పోతదనే ఇయ్యలే," అంది.

వంతెన దాటేటప్పుడల్లా బండి నెమ్మది చేసి కిందికి చూస్తాను. గడ ఇంకా నిలబడే ఉంది... గుడ్డ కట్టేవాళ్లే లేరు. మీ రేవులో పడవను ఎట్లా పిలిచేవాళ్లు? యాదికున్నవాళ్లు జర చెప్పండి...