ఓడినవాళ్ళే సంగటి కెలకాలి

మా ఇల్లు పుంగనూరులో. నా జట్టు మదనపల్లె, మా ఆవిడ జట్టు కుప్పం. అంటే మేం చదువుకున్న కాలేజీల ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్లు. ఉద్యోగాలొచ్చాయి, బిడ్డల చదువులైపోయాయి, బీపీ మాత్రలు కూడా మొదలయ్యాయిగానీ ఈ పిచ్చి మాత్రం పోలేదు. కాలేజీల పోటీలు మొదలయ్యాయంటే మా ఇంట్లో రెండు పార్టీలు.

ఆ జట్ల సంగతి ముందే చెప్పేస్తాను, మీకు ఆశ పుట్టకుండా. రెండూ నడిమిరకం. చిత్తుగా ఓడే జట్టయితే తిట్టి వదిలేయొచ్చు. మావాళ్ళు ఆ పుణ్యం కూడా కట్టుకోరు. ఒక ఆటలో బ్రహ్మాండంగా ఆడి మనల్ని ఆకాశానికెత్తుతారు. తర్వాతి ఆటలో బంతి ఎవరికిస్తున్నారో వాళ్ళకే తెలియదు. ఏటేటా కొత్త పిల్లలు, కొత్త జెర్సీలు, అప్పుడప్పుడు కొత్త కోచ్. చివరికి ఎక్కడ వేసిన గొంగడి అక్కడే. ఫైనల్లో మదనపల్లె, కుప్పం ఎదురెదురుగా నిలబడితే పక్కపక్కన కూర్చుని చూడాలని మా ఇద్దరి కోరిక. ఆ కోరికకు మా పెళ్ళంత వయసుంది.

మా ఆవిడ కుప్పం జట్టులో ఆడింది. నేను ఆడలేదు, అరిచాను. మదనపల్లె కోర్టు పక్కన సిమెంటు మెట్ల మీద కూర్చుని అవతలి జట్టును గొంతు పోయేదాకా ఎగతాళి చేయడం అప్పట్లో నా పని. కుప్పం నుంచి వచ్చిన ఆ పొట్టిజడ పిల్ల కుడిచేత్తో బంతి ఎత్తిందంటే నా గుండె జారేది. మా జట్టు ఓడిపోతుందన్న భయమనే అనుకున్నాను.

పెళ్ళయిన కొత్తలో ఒక పందెం పెట్టుకున్నాం. ఎవరి జట్టు ముందు ఇంటిదారి పడితే వాళ్ళు ఆ ఆదివారం సంగటి కెలకాలి. రెండూ ఒకే రోజు ఓడిపోతే ఎవరూ కెలకక్కర్లేదు, హోటల్‌కు పోయి దోసెలు తినడమే. మా జట్ల పుణ్యమా అని దోసెలు బాగానే తిన్నాం. సంగటి కెలకడమంటే మాటలు కాదు. ఉడికిన అన్నంలో రాగిపిండి పోసి, కాసేపు మగ్గనిచ్చి, గిన్నె కిందకు దించి, గుడ్డ చుట్టి రెండు పాదాలతో అదిమిపట్టి, రెండు చేతులతో కట్టె తిప్పాలి. భుజాల్లో సత్తువ లేకపోతే పిండి ఉండలు కడుతుంది.

ఆమె కుడి భుజం పట్టేసింది ఈమధ్యే. చెయ్యి నడుము దాటి పైకి లేవదు. డాక్టరు గోడ మీద వేళ్ళను మెల్లగా పైకి పాకించమన్నాడు. పొద్దున్నే వంటింటి గోడ ముందు నిలబడి పళ్ళు బిగపట్టి పాకించేది. నేను జడ వేయడం నేర్చుకున్నాను. బట్టలు ఆరేయడం, కూరలు తరగడం, సంగటి, అన్నీ నావే. ఆమె ఏం ముట్టుకోబోయినా "నేను చేస్తాలే" అనేవాణ్ణి. ఆమె పక్కకు జరిగేది. మాట కూడా తగ్గించేసింది. నొప్పి వల్లేమో అనుకున్నాను.

ఈసారి పోటీలు మదనపల్లెలోనే పెట్టారు. బస్సెక్కి పోయి ఆ పాత మెట్ల మీదే కూర్చున్నాం. మొదట కుప్పం ఆడింది. సగం ఆటదాకా ముందుండి, తర్వాత అలవాటు ప్రకారం జారిపోయి, ఓడిపోయింది. మా ఆవిడ నిట్టూర్చింది.

"సూసినావా, గెలిసే ఆటను సేతులారా ఇచ్చేసి వస్తాండారు," అంది. ఆపైన తన కుడి భుజాన్ని ఒకసారి తడుముకుంది.

పందెం నాకూ అప్పుడే గుర్తొచ్చింది. ఆదివారం ఆమె కెలకాలి. వద్దంటే వినే మనిషి కాదు, మొండిది. ఇక ఒకటే దారి. మదనపల్లె కూడా ఈ రోజే ఓడిపోవాలి. అప్పుడు హాయిగా దోసెలు తినొచ్చు.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా జట్టు ఓడిపోవాలని మొక్కుకున్నాను. ఎన్నేళ్ళు గెలిపించమని మొక్కానో ఆ దేవుడికే తెలుసు. ఒక్కసారీ వినలేదు. ఓడించమన్నా వినలేదు. ఆ రోజు మా పిల్లలు ఎవరో పూనినట్టు ఆడారు. ఆఖరి బంతి రింగులో పడగానే మెట్లన్నీ లేచి నిలబడ్డాయి. నేనొక్కడినే కూర్చుండిపోయాను. మా ఆవిడ మాత్రం లేచి, నావైపు తిరిగి చాలాసేపు చూసింది.

తిరుగు బస్సులో ఊరు దాటాక నావైపు జరిగి కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"మీ టీం గెలిస్తే మొగం యాల అట్ల పెట్టుకున్న్యావు?"

"ఏం లేదులే."

"ఓడిపోవల్లని మొక్కుకున్న్యావు గదా?"

నేను కిటికీలోంచి బయటకు చూశాను.

"ఆ బిడ్డలు అంత కష్టపడి ఆడతాంటే సొంతోడివి నువ్వే ఓడిపోవల్లనుకుంటావా? నా కోసరమా?" ఎడమచేత్తో కుడి భుజాన్ని చూపించింది. "నా సెయ్యి బాగలేదు. నేను బాగనే ఉండాను. నన్ను ఆటలోంచి తీసేయొద్దు."

అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ ఆమెను నొప్పించింది భుజం ఒక్కటే కాదని. నాకు సిగ్గేసింది. ఆమె ఎడమచెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు, అంతే.

ఆదివారం ఆమే గిన్నె దించింది. కింద కూర్చుని పాదాలతో అదిమిపట్టింది. ఎడమచేత్తో కట్టె తిప్పుతూ, కుడిచేతిని ఊరికే దాని మీద ఆనించింది. రెండు తిప్పులు తిప్పి ఆగేది. నొసట చెమట పట్టింది. నేను గడప దగ్గర నుంచి ఒక అడుగు వేశాను.

"ఆడనే ఉండు," అంది తలెత్తకుండా.

అక్కడే ఉన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంటింటి పొగ అని చెప్పుకోవడానికీ లేదు, మాది గ్యాసు పొయ్యి.

ముద్దలు చేసి, చెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడితో పళ్ళెంలో పెట్టింది. ముద్ద విరిచాను. లోపల అక్కడక్కడా ఉండలు, ఒకచోట పొడిపిండి. ఆమె ఎదురుగా కూర్చుని నా మొహం వంకే చూస్తోంది.

"ఎట్లుండాది? నిజం సెప్పు."

శానా బాగుండాదనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"మీ కుప్పం టీం మాదిరే ఉండాదిమ్మే," అన్నాను. "బాగుండాదని సెప్పలేను. ఇడిసిపెట్టనూ లేను."

ఆమె పక్కున నవ్వింది. భుజం పట్టేసినప్పటి నుంచి ఆ నవ్వు వినలేదు నేను. ఎడమచేత్తో ఇంకో ముద్ద తీసి నా పళ్ళెంలో వేసింది.

"అయితే ఇంగోటి తిను. వచ్చే ఆటలో మీ వోళ్ళూ ఇంటికే, సూస్తాండు."

ఆమె నోటి చలవ. మదనపల్లె తర్వాతి ఆటలోనే ఓడిపోయింది, అదీ చేతికందిన ఆట. నేను మెట్ల మీద తల పట్టుకుని, కోచ్‌ను తిట్టి, మనసారా బాధపడ్డాను. పక్కన కూర్చుని అదంతా చూస్తూ మా ఆవిడ ఎంత సంతోషపడిందో చెప్పలేను.