పంచక్కి తిరిగిందా లేదా

గుండ్లపోచంపల్లిల మా ఇంటెనుక సందుల ఒక పిండి గిర్ని ఉన్నది. పొద్దుగాల అది షురూ అయిందంటే కాలిన జొన్నపిండి వాసన కిటికీలకెంచి సక్కగ నా మంచం దాంక వస్తది. నాకా వాసన పడదు. పట్టిచ్చుకొని తెచ్చిన పిండి డబ్బ ముట్టుకోరానంత వేడి ఉంటది, ఆ వేడికి జొన్నల తీపంత సచ్చిపోతది. మొన్న మా అన్న వచ్చిండు. ఆయనకు రొట్టె పెట్టుకుంట మాటవరసకు, "మన ఊరి పంచక్కి పిండి గిట్ల కాలేది కాదన్నా, సల్లగ ఉండేది" అన్న. ఆయన రొట్టె తుంచుడు ఆపి నా మొఖం దిక్కు జూసిండు. "నువ్వెప్పుడు తిన్నవే ఆ పిండి? నువ్వు పుట్టకముందే అది బంద్ పడ్డది. నీకంటె ఆరేండ్లు పెద్దోన్ని, నేనే తిరుగంగ జూడలే." గా ఒక్క మాటతోని నా రొట్టె పల్లెంలనే ఉండిపాయె.

పంచక్కి అంటే నీళ్లతోని తిరిగే పెద్ద ఇసుర్రాయి. గౌడవెల్లి అవతల మా ఊరి చెరువుకట్ట కింద, తూముకు జరంత దూరంల, గచ్చుతోని కట్టిన చిన్న అర్ర ఉండె. తూముకెంచి వచ్చిన నీళ్లు రాతి కాలువల ఉరికొచ్చి, అర్ర కింది గుంతల పండవెట్టిన కట్టె చక్రం మీద దుంకితే, చక్రం నడుమ నిలవెట్టిన ఇరుసు మీది రాయిని తిప్పేదట. అది ఎవరు కట్టిచ్చిన్రంటే మాత్రం ఊర్లె ఒక్కొక్కలు ఒక్కో తీరు చెప్పేది. జాగీర్దారు తన గుర్రాలకు ఉలువలు ఇసుర కట్టిచ్చిండని మా తాత, కాదు పటాలపోళ్ల రొట్టెలకని మా నాయిన, అసలు ఎవరో ఫకీరు కట్టిచ్చి ఊరికి ఇడిసిపెట్టి పోయిండని తూము ఇప్పే నీరటాయన. ముగ్గురు అరుగు మీద జమైతే పొయ్యి మీద కూర మాడేది గని పంచాయితి తెగకపోయేది. నేను ఎవలు మాట్లాడుతాంటె వాళ్ల మాటే నమ్మేదాన్ని.

మా సిన్నతనమంత, చక్కి ఆగిపోయినంక, ఆ అర్ర చుట్టే గడిచింది. వానలు వడి చెరువు నిండి మత్తడి దుంకుతాంటె, సన్న పరక చేపలు కాలువల ఎదురెక్కుతాంటె, గట్టు పొంటి గునుగు తెల్లగ, తంగేడు పచ్చగ పూస్తాంటె, మేము జొన్నదంటు బెండును కోసి, చీపురుపుల్లలు గుచ్చి చక్రాలు జేసి పిల్లకాలువలల్ల తిప్పేది. అప్పుడే సీతాఫలాలు వచ్చేది. కండ్లు తెరిసిన కాయలు తెంపుకొచ్చి అర్ర గోడ గూట్లె వరిగడ్డి కింద దాసి, పండినయా లేదా అని పూటకోపాలి పిసికి పిసికి సగం ఖరాబు జేసేది. ఎండకాలం వస్తే బయట నేల కాలుతాంటె ఆ అర్రల మాత్రం సల్లగ ఉండేది, దాగిలిమూతలకు అంతకన్న మంచి జాగ లేకుండె. మా మేనత్త మా కోసం కట్టె పట్టుకొని వచ్చి, "అండ్ల తేల్లుంటయి, బయటికి రండ్రి ముండకొడుకులారా" అని ఊరంత ఇనవడేటట్టు తిట్టేది. అమ్మ పోయినంక మమ్ముల సాకనీకి మా ఇంటికొచ్చింది ఆమెనే. పని ఎంత జల్దీ జేసేదో తిట్లు గూడ అంతే జల్దీ.

నాకు నాలుగేండ్లు నిండకముందే అమ్మ పోయింది. ఆమె ఫొటో ఒక్కటి గూడ లేదు. ఉన్న యాది ఒక్కటే. పంచక్కి అర్రల సగం చీకటి, కాళ్ల కింద నేల అదురుతాంది, అడుగున నీళ్ల మోత, నేను ఒక ఆడమనిషి ఒళ్లె కూసున్న. ఆమె అప్పుడే రాలిన పిండిని దోసిట్లకు తీసి నా చెంపకు ఆనిచ్చి, "సల్లగున్నదా?" అంటది. మొఖం యాదికి లేదు. అది అమ్మనే అని నాకెవరు చెప్పలే, అంత ముద్దుగ ఒళ్లె కూసోవెట్టుకునేది అమ్మ గాక ఇంకెవలని నేననుకున్న. పెండ్లయి అత్తగారింట్ల మనసు బాగలేనప్పుడు, పిల్లలు పుట్టి పానం అలిసిపోయినప్పుడు, కండ్లు మూసుకొని నేను పొయ్యేది ఆ అర్రలకే. ఇప్పుడు పంచక్కి తిరుగనే లేదంటే ఆ పిండి ఏడిది, ఆ అమ్మ ఏడికెల్లి వచ్చింది? కల గన్ననా? ఇన్నేండ్లు కలనే పట్టుకొని ఊగుతున్ననా?

తెల్లారి అన్నను పీకి పీకి బండి మీద ఊరికి తీస్కపోయిన. ప్లాట్ల హద్దురాళ్ల నడుమ తొవ్వ దొరకవట్టనీకే తిప్పలయింది. చెరువు సగం ఎండింది, మిగిలిన సగం గుర్రపుడెక్క. అర్రది ఒక్క గోడ నిలవడ్డది, కప్పు లేదు, చక్రం ఉండే గుంత నిండ నీళ్ల సీసలు. కింది రాయి భూమిల కూరుకపోయి ఉన్నది, మీది రాయిని ఎవరో తోట బంగ్లకు మోసుకపోయిన్రట. నేను వంగి రాతి మీది గాట్లు తడిమి, "జూడు, ఇంక గరుకుగనే ఉన్నయి, కొత్తగ గాట్లు కొట్టి మొన్నటి దాంక తిప్పిన్రన్నట్టే" అన్న. "తిరిగితే అరిగిపోతయి గద, తిరగలేదు గనుకనే గరుకుగున్నయి" అన్నడు ఆయన. ఒక్క రాయే, ఇద్దరికి రెండు తీర్ల సాక్ష్యం చెప్పవట్టె. నాకు పరేషాన్ ఇంక ఎక్కువయింది.

ఇగ తెల్వాల్నంటే మేనత్తనే అడగాలె. ఆమె ఇప్పుడు శామీర్‌పేటల కొడుకు తాన ఉంటది. మేము పొయ్యేసరికి వాకిట్ల కూసోని ఎల్లిపాయలు వొలుస్తాంది. మా లొల్లి అంత ఇని నవ్వింది. "ఇద్దరు చెప్పేది నిజమే. గిర్ని వచ్చినంక పంచక్కి బంద్ వడ్డది. గని ఒక్క యేడు సద్దుల బతుకమ్మ ముంగట గిర్ని పట్ట తెగింది. మలీద ముద్దలు జేయ ఎవలింట్ల పిండి లేదు, చెరువేమో మత్తడి దుంకుతాంది. మొగోళ్లు పాత కాలువ పూడిక తీసిన్రు, కట్టెపని జేసే వడ్లాయన చక్రానికి కొత్త రెక్కలు కొట్టిండు. రెండు దినాలు తిరిగింది, మల్ల తిరగలే. నువ్వప్పుడు మీ అమ్మమ్మ ఊర్లె ఉంటివి కొడుకా, అందుకే జూడలే."

నాకు పానం లేచొచ్చింది. అన్న దిక్కు మురుసుకుంట జూసి, "అప్పుడు అమ్మ నన్ను ఒళ్లె కూసోవెట్టుకొని పిండి చెంపకు ఆనిచ్చింది గద అత్తమ్మా?" అన్న. ఆమె చేతులు ఆగినయి.

"ఆ యేడు మీ అమ్మ యాడున్నది బిడ్డా. ఎండకాలంలనే పాయె. అందుకే గద వీన్ని అమ్మమ్మ తోల్కపోయింది. నువ్వు అమ్మేదని ఒక్కతీరుగ ఏడుస్తాంటే, ఊకుంటవని నేనే నిన్ను ఆడికి ఎత్తుకపోయిన." మల్ల ఇంకో ఎల్లిపాయ అందుకున్నది. "నీకు అమ్మనే అని యాదికుంటే అమ్మనే ఉండనీ. నాకేం తక్కువైతది."

పంచక్కి తిరిగింది నిజమే. తిరిగింది గనుకనే ఆ ఒడి అమ్మది గాదు. గెలిసిన్నో ఓడిన్నో నాకే సమజ్ గాలే. ఏడుపు వచ్చింది గని, ఎవల కోసం ఏడుస్తున్నో తెల్వదు. ఒక్క యాది గూడ మిగలకుండ పోయిన అమ్మ కోసమా, ఇన్నేండ్లు అమ్మ పేరు మీద నా మనసుల కూసున్న ఈ తిట్లపోతు కోసమా? అత్తమ్మ చెయ్యి పట్టుకొని ఊకెనే కూసున్న. ఎల్లిపాయ వాసన వస్తాంది.

తిరిగొచ్చేటప్పుడు మేడ్చల్ రోడ్డు మీద అన్నీ గోదాంలే, లారీలే. ఆ గుంతను గూడ రేపో మాపో మన్ను వోసి ప్లాటు జేస్తరు, నీరటాయన లేడు, పంచాయితి వెట్టే ముసలోళ్లు లేరు, అది ఎవరు కట్టిచ్చిన్రో ఇగ ఎన్నటికి తెల్వదు. అన్న తొవ్వల ఒక చాయ్ బండి కాడ ఆపి, నా దిక్కు జూడకుంటనే, "నాకప్పటికి పదేండ్లే. అమ్మ నాకు మంచిగ యాదికున్నది. ఏం గావాల్నో అడుగు, చెప్త" అన్నడు.

ఇన్నేండ్లల్ల ఆయనను నేను ఒక్కనాడు అమ్మ గురించి అడగలే, నా అమ్మ నాకున్నదనుకున్న. చాయ్ గిలాస పట్టుకొని నిలవడ్డ. ఆయన సూస్తాండు. ఏం అడగాల్నో నాకు తెల్వలే.