ముందు చక్రం బ్రేకు

ఆదివారం వస్తే జురాంగ్ ఈస్ట్‌లో మా బ్లాకు కింది కార్ పార్కు నా ఆసుపత్రి. ఆ పేరు పెట్టింది నేను కాదు, సైన్స్ పార్కులో నాతోపాటు పనిచేసే తెలుగు కుర్రాళ్ళు. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చుని, కొత్త మోటార్‌సైకిళ్ళ మీది ప్రేమనంతా ఆదివారం పొద్దున ఒలకబోసేవాళ్ళు. అందరిదీ ఒకటే రోగం. బండి ఇంకా స్పీడుగా పోవాలి. సైలెన్సర్ మార్చమంటారు, ఎయిర్ ఫిల్టర్ మార్చమంటారు. తీరా చూస్తే చైను వానకి తుప్పు పట్టి కరకరలాడుతుంటుంది, టైర్లలో గాలి సగం ఉండదు. నాకు ఒళ్ళు మండేది.

"సైలెన్సర్ మారిస్తే పెరిగేది చప్పుడురా, స్పీడు కాదు. ముందు చైనుకి నూనె పెట్టు. ఆ నూనె టైరుకీ బ్రేకుకీ తగలకుండా చూడు" అని తిట్టేవాణ్ణి. తిట్లు తిని, టీ తాగి, నేను చెప్పినట్టే చేసేవాళ్ళు. బండ్ల విషయంలో నా మాటకి తిరుగులేదు. ఆఫీసులో వందమందిలో ఒకణ్ణి. నాకంటూ ఉన్న పరువంతా ఆ కార్ పార్కులోదే.

నా సొంత బండికి మాత్రం ఇంజను జోలికి పోలేదు. ముందు చక్రానికి చిల్లులున్న పెద్ద డిస్క్ వేయించాను, మంచి ప్యాడ్లు పెట్టించాను. చక్రంతోపాటు తిరిగే ఆ ఉక్కు బిళ్ళని ప్యాడ్లు రెండు వైపులా పట్టుకుంటేనే బండి ఆగేది. నాది రెండు వేళ్ళతో లివర్ నొక్కితే చాలు, ఉన్నచోట నిలబడేది. వారం వారం తుడిచి తుడిచి ఆ బిళ్ళని అద్దంలా ఉంచేవాణ్ణి.

నేను అద్దెకున్నది ఆ బ్లాకులోనే ఒక అంకుల్, ఆంటీల ఫ్లాట్‌లో. తాతల కాలంలో విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. అంకుల్ తువాస్‌లో ఓడల యార్డులో పనిచేసేవారు. ఆంటీ తెలుగులో కాస్త అరవం, కాస్త మలయ్ కలిసిపోయేవి. నన్ను తంబీ అనేది. గుమ్మంలో అడుగు పెట్టగానే "మకాన్ అయిందా?" అని తిండి సంగతి అడిగాకే ఇంకో మాట. వంటింటి అరలో ఆంజనేయస్వామి పటం, దాని ముందు స్టీలు గిన్నెలో నువ్వుల నూనెతో కలిపిన సింధూరం ఎప్పుడూ ఉండేవి. అంకుల్‌కి పాత స్కూటర్ ఉన్నన్నాళ్ళూ దసరాకి దాని చక్రాల మధ్యన ఆంటీ ఆ సింధూరమే పెట్టేదట. ఆ స్కూటర్ బ్రేకులు డబ్బా లోపల మూసుకుని ఉండేవి. పైన ఏం పూసినా వాటికి అంటేది కాదు.

ఆ ఏడు దసరాకి ఆంటీ జ్వరంతో పడుకుంది. నేనే బండి కడిగి, ట్యాంకు మీద పొడి కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించాను.

అప్పట్లో ఆఫీసువాళ్ళు నన్ను తువాస్‌లో ఒక ఫ్యాక్టరీకి పంపుతున్నారు. దారే కాబట్టి అంకుల్‌ని వెనక ఎక్కించుకుని వెళ్ళేవాణ్ణి. పండగ మర్నాడు పొద్దున మేమిద్దరం లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి, ఆంటీ అందులోంచి దిగింది. చేతిలో ఆ స్టీలు గిన్నె ఉంది. "మబ్బు పట్టింది, జాగర్తగా వెళ్ళిరండి" అంది.

మసక వెలుతురులో చక్రం వంక చూడకుండానే బండి తీశాను. పెద్ద రోడ్డెక్కేదాకా వెనక బ్రేకుతోనే సరిపోయింది. అప్పటికి చినుకులు మొదలయ్యాయి. సిగ్నల్ దగ్గర పనివాళ్ళని తీసుకెళ్తున్న లారీ ఆగి ఉంది. ముందు బ్రేకు లివర్ నొక్కాను. పట్టలేదు. బలమంతా పెట్టి నొక్కాను. లివర్ గట్టిగానే ఉంది, బండి మాత్రం పోతూనే ఉంది. వెనక బ్రేకు తొక్కేసరికి చక్రం జారి అడ్డంగా పడ్డాం. నేను పక్కకి దొర్లాను. అంకుల్ నేరుగా వెళ్ళి లారీ చక్రానికి కొట్టుకున్నారు. లారీలో వాళ్ళు దూకి ఆయన్ని ఎత్తారు. ఆసుపత్రికి చేరాక ఆయన ఎక్కువసేపు లేరు. నాకు విరిగింది భుజం ఎముక ఒక్కటే.

వానలో స్పీడుగా నడిపాడన్నారు అందరూ. బ్రేకు పట్టలేదంటే, ఎవరైనా అనే మాటేగా అన్నట్టు చూశారు. అంకుల్ కూతురు ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో నా ముందుకొచ్చింది. "యూ వర్ స్పీడింగ్ లా. జస్ట్ సే ఇట్" అంది. ఆ అమ్మాయికి జవాబు చెప్పాలి. అంతకంటే ముందు నాకే తెలియాలి, నా చేత్తో చూసుకున్న బ్రేకు ఎందుకు పట్టలేదో.

బండి చేతికి రాగానే ఒంటి చేత్తోనే ప్యాడ్లు విప్పాను. నూనె తాగి నిగనిగలాడుతున్నాయి. డిస్క్ చిల్లుల్లో ఎర్రటి ముద్ద. వేలితో తీసి వాసన చూశాను. నువ్వుల నూనె. లిఫ్టు దగ్గర ఆంటీ చేతిలోని గిన్నె గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ కోపం ఎవరి మీద చూపించను?

అయినా చెప్పేద్దామనుకున్నాను. నేను దేవుణ్ణి కాను. చెయ్యని తప్పుకి మనిషిని చంపినవాడినని ఎన్నాళ్ళు అనిపించుకోను? ప్యాడ్లు కాగితంలో చుట్టుకుని పైకి వెళ్ళాను. బొట్టు లేని ముఖంతో ఆంటీ వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి తనే మొదలుపెట్టింది.

"తంబీ, నీకు చెప్పనేలేదు. జ్వరమొచ్చి పండగనాడు పెట్టలేకపోయానని, ఆ పొద్దున నేనే కిందకెళ్ళి మీ బండి ముందు చక్రంలో మెరిసే బిళ్ళకి నిండా సింధూరం రాశాను. ఆయనకి టైమైపోయింది, స్వామి మాత్రం ఏం చేస్తాడు? నిన్నైనా మిగిల్చాడు. అది కూడా రాయకపోయుంటే మీ ఇద్దర్నీ మోసుకొచ్చేవాళ్ళు కదా."

కూతురు గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది. ఆ అమ్మాయికి ఇవేవీ పట్టడం లేదు, నా నోటి నుంచి ఒక్క మాట కావాలి.

"అవునాంటీ, స్వామే కాపాడాడు" అన్నాను. కూతురి వైపు తిరిగి, "స్పీడుగానే నడిపాను" అన్నాను. బయటికొచ్చి కాగితం పొట్లాన్ని కిందికి పోయే చెత్త గొట్టంలో పడేశాను.

నా ఆసుపత్రి మూతపడింది. నన్ను చూస్తే కుర్రాళ్ళు మాటలాపేసేవాళ్ళు. నేను వేరే బ్లాకులో గదికి మారాను. మరుసటి దసరా పొద్దున ఆ కార్ పార్కు మీదుగా వెళ్తుంటే, ఆఫీసులో కొత్తగా చేరిన ఒకతను తన బండికి పూజ చేసుకుంటున్నాడు. స్టీలు గిన్నెలోంచి సింధూరం తీసి ముందు డిస్క్‌కి పూస్తున్నాడు. ఆ గిన్నె నేను ఎరిగినదే, ఆంటీయే ఇచ్చి ఉంటుంది. పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"అక్కడ వద్దు. బ్రేకు పట్టదు."

"బ్రేకుల సంగతి మీరా అన్నా నాకు చెప్పేది?" అని చెయ్యి విదిలించుకున్నాడు.

ఎందుకు పట్టదో చెప్పడానికి నోరు తెరిచాను. పైన వరండాలో ఆంటీ పిట్టగోడ పట్టుకుని మమ్మల్నే చూస్తోంది. నోరు మూసుకుని, కింద కూర్చుని, చొక్కా అంచుతో ఆ డిస్క్ తుడవడం మొదలుపెట్టాను. అతను నా భుజం పట్టి లాగుతున్నాడు.

"అది తుడవకు తంబీ!" పైనుంచి ఆంటీ కేకేసింది. "నిన్ను బతికించింది అదే!"

నేను తల ఎత్తకుండా తుడుస్తూనే ఉన్నాను.