మగ ఈగలకు డూప్

చలపతిరావు ముఖం తెరమీద ఎప్పుడూ కనబడలేదు. వీపు మాత్రం ఇరవై ఏళ్లకు పైగా కనబడింది. హీరో గుర్రం మీంచి పడాల్సి వస్తే ఈయన పడేవాడు. హీరో ఊళ్లో లేకపోతే ఆ చొక్కా తొడుక్కుని వానలో నడిచి వెళ్లిపోయేవాడు. మోకాలు పోయాక ఫిలింనగర్ అద్దె ఇంట్లో కూర్చున్నాడు. భార్య లీలాకుమారి జూబ్లీహిల్స్‌లో ఒక బొటిక్‌కి కుట్టుపనికి వెళ్తుంది. కూతురు సాయిసుధ పండ్ల ఈగల మీద పీహెచ్‌డీ చేస్తోంది.

ఆ వేసవిలో ల్యాబులో ఏసీలు పాడయ్యాయి. వేడికి ఈగలు రాలిపోతుంటే మిగిలినవాటిని సాయిసుధ ఇంటికి తెచ్చి, ఏసీ ఉన్న పడగ్గదిలో పెట్టింది.

"కుళ్లిన పండు మీద వాలేవాటికి ఏసీ, మనకి ఫ్యాను" అంటూ లీలాకుమారి చాప హాల్లోకి మార్చుకుంది.

దూది బిరడా పెట్టిన గాజు ట్యూబులు. అడుగున మొక్కజొన్నపిండి, బెల్లం వేసి కాచిన జావ. ఎర్ర కాగితం అంటించినవి ఒక జాతి, నీలం కాగితానివి ఇంకో జాతి. చలపతిరావు భూతద్దం పెట్టి రెండూ చూశాడు.

"రెండూ ఒకటేగదే."

"చూడ్డానికి ఒకటే నాన్నా. ఆడవైతే నేనూ పోల్చుకోలేను. మగవాటికి మైక్రోస్కోపు కింద తోక చివర చూస్తేనే తెలుస్తుంది. లోపల జన్యువులు వేరు."

"నేనూ, మా హీరో లాగన్నమాట."

"ఆయనకి నీ అంత బొజ్జ లేదులే."

ఎర్ర కాగితం ఈగల్ని ఆమె మూడేళ్లుగా ఒకే వంశంగా పెంచుకొచ్చింది. థీసిస్ అంతా దాని మీదే. ఎండకు పోగా ఆ వంశంలో మిగిలింది ఒక ట్యూబు ఆడవి, ఒక ట్యూబు మగవి. ఆడవి కాస్త ఎదిగాక కలపాలని విడిగా ఉంచింది.

ఒక మధ్యాహ్నం ఆమె ల్యాబుకి వెళ్లినప్పుడు చలపతిరావు కర్టెన్ లాగబోతే ఎర్ర కాగితం మగ ట్యూబు పడింది. జావ జారి ఈగలన్నీ దానికి అంటుకుపోయాయి. నిలబెట్టి చూశాడు. ఒక్కటీ కదల్లేదు. సాయంత్రం కూతురి ముఖం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. హీరో లేడని షూటింగ్ ఆపిన రోజు ఆయన ఎరగడు. పక్కనే నీలం ట్యూబులో మగవి కిటకిటలాడుతున్నాయి. ఆమె ఎలా తట్టి దులుపుతుందో రోజూ చూస్తున్నదే. సగం కొత్త ట్యూబులోకి దులిపి, ఎర్ర కాగితం ఊడదీసి దానికి అంటించాడు. ఒక్క టేకులో ఓకే అయినంత తృప్తి కలిగింది.

మర్నాడు సాయిసుధ ఎర్ర కాగితాలు చూసుకుని ఆడవాటినీ మగవాటినీ కలిపింది. గుడ్లలోంచి వచ్చిన పురుగులు జావలోంచి గాజు మీదికి పాకాక, పిల్లల్లో కలవకుండా పెద్దవాటిని తీసేసింది.

రెక్కలొచ్చిన పిల్లల్ని ఆమె భూతద్దం పెట్టి ఒక్కొక్కటే చూసింది.

"నాన్నా, ఇందులో ఒక్క మగదీ లేదు."

"పోనీలే, నాకు మాత్రం ఉన్నారా మగపిల్లలు."

ఆమె నవ్వలేదు. "ఎర్ర తల్లికి నీలం తండ్రి అయితేనే ఇలా జరుగుతుంది. ఆ జన్యువులు ఎక్కడివక్కడ ఉంటే ఏ గొడవా లేదు. రెండూ ఒకే ఒంట్లో పడితే మగపిల్లలు పురుగులుగా ఉండగానే చస్తాయి. ఆడవి బతుకుతాయి కానీ వాటికి పిల్లలు పుట్టరు. ఎక్కడ పొరపాటు చేశానో అర్థం కావడం లేదు."

"నువ్వు చెయ్యలేదమ్మా. డూప్‌ని పెట్టింది నేను." ట్యూబు వైపే చూస్తూ జరిగిందంతా చెప్పాడు.

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది ఆయనకి.

"ఆ తల్లులు ఏవీ?"

"స్పిరిట్‌లో వేసి చంపేశాను."

"మళ్లీ పట్టుకొద్దాం. టోలిచౌకిలో పండ్ల బండ్ల దగ్గర నిలబడతాను."

"ఆ జాతి దొరుకుతుంది నాన్నా. ఈ వంశం దొరకదు."

ఆమె ఫోను తీసుకుని హాల్లోకి వెళ్లింది. ప్రొఫెసర్‌తో మాట్లాడుతున్న గొంతు వినిపించింది. "నాదే పొరపాటు సర్. ట్యూబులు మార్చి కలిపేశాను... లేదు సర్, ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోరు."

చలపతిరావు మంచం పట్టుకుని లేచాడు. గుమ్మం దాకా వచ్చేసరికి ఆమె ఫోను పెట్టేసి గోడవైపు తిరిగి కూర్చుంది. వెనక్కి వచ్చాడు. ట్యూబులో ఆడ ఈగలు జావ మీద తిరుగుతున్నాయి. ఇక వీటికి ఏసీ ఎందుకని, ఆపుదామని రిమోటు తీసుకున్నాడు. ఆపలేదు.