గొంతు తగ్గించుకున్న నర్సింగం

నర్సింగం ఇరవై ఆరేళ్లు సిరిసిల్లలో సాంచాలు నడిపాడు. ఒకే కార్ఖానాలో అలాంటి మరమగ్గాలు నలభై ఆడుతుంటే పక్కవాడితో మాట్లాడాలన్నా కేక వేయాల్సిందే. ఆ కేకే అతనికి మామూలు గొంతైపోయింది. ఇంట్లో మంచినీళ్లు అడిగినా వీధి చివరిదాకా వినిపించేది. ఇరుగుపొరుగంతా సాంచాల మీద పనిచేసేవాళ్లే కాబట్టి ఎవరూ తప్పుపట్టలేదు.

ఆర్డర్లు లేక ఆ కార్ఖానా మూతపడ్డాక, అతని భార్య సత్యవ్వ తమ్ముడు జగిత్యాలలో ఒక పని చూపించాడు. ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాళ్ల కోసం గంగాప్రసాద్ అనే ఆయన నడిపే స్టడీ హాల్ అది. పొద్దున్నే తలుపులు తీయాలి, ఊడ్వాలి, తాగేనీళ్లు పట్టి పెట్టాలి. ఆలుమగలు ఆ దగ్గర్లోనే ఒక గది తీసుకున్నారు.

మొదటి రోజే నర్సింగం గుమ్మంలో నిలబడి, “ఫ్యాను జర తక్వ జెయ్యాల్నా?” అని అడిగాడు. అరవై తలలు ఒక్కసారిగా పైకి లేచాయి. మూడో వారంలో గంగాప్రసాద్ అతన్ని బయటికి పిలిచాడు.

“నర్సన్నా, పని మంచిగ జేస్తున్నవ్. కని పిల్లలు రోజు నీ గొంతు గురించే చెప్తున్నరు. ఇంకో నెల జూస్త.”

నర్సింగానికి అవమానం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది. తాను అరుస్తున్నట్టు అతనికి నిజంగా తెలియదు. కోరుట్ల నుంచి వచ్చి చదువుకుంటున్న అక్షిత అనే అమ్మాయి, నీళ్ల డబ్బా దగ్గర అతన్ని ఆపి విషయం చెప్పింది.

“మామా, నీ గొంతు నీకే సరిగ ఇనవడ్తలేదు. మా తాత గూడ గిట్లనే ఒర్రుతుండె. చెయ్యి ఎదురురొమ్ము మీద పెట్టుకోని మాట్లాడు. అదిరిందంటే ఎక్కువైనట్టు.”

మర్నాటి నుంచి అతను అరగంట ముందే వచ్చేవాడు. ఖాళీ హాలులో ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, ఒక్కో కుర్చీ దగ్గరా ఆగి దాని నంబరు పలికేవాడు. మొదట్లో పదో కుర్చీకే గొంతు పైకి లేచేది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. ఇంకో కట్టడి కూడా తనకు తానే పెట్టుకున్నాడు. మనిషి చేతికి అందేంత దగ్గరికి పోయేదాకా నోరు విప్పకూడదు.

చాలాసార్లు మరిచిపోయాడు. ఒకరోజు హాలులోకి పావురం దూరితే, దాన్ని తరిమిన కేకకు ఒక పిల్లవాడి చేతిలోంచి పెన్ను జారింది. అలా ఎవరితోనైనా గొంతు పెంచినప్పుడల్లా ఆ మనిషి దగ్గరికి పోయి, అదే మాట మెల్లగా మళ్లీ చెప్పేవాడు. కొందరు నవ్వారు. అతను పట్టించుకోలేదు. నెల గడిచింది. గంగాప్రసాద్ ఆ ప్రస్తావన తేలేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నర్సింగం ఇంటికి వచ్చి, గుమ్మంలోంచి పిలవకుండా పొయ్యి దాకా నడిచాడు. సత్యవ్వ పక్కన నిలబడి, “ఏం కూర?” అని అడిగాడు.

ఆమె గరిటె పక్కన పెట్టి అతని నుదురు పట్టి చూసింది.

“ఏమైంది? పానం మంచిగ లేదా?”

“మంచిగనే ఉన్న.”

“మరి గింత మెల్లగ మాట్లాడ్తున్నవేంది?”

అతను హాలు సంగతంతా చెప్పాడు. ఉద్యోగం పోవచ్చన్న సంగతి అంతవరకూ ఆమెకు చెప్పనేలేదు. సత్యవ్వ గరిటె మళ్లీ అందుకుంది.

“నువ్వు పిలిచినప్పుడల్ల ఏం తప్పు జేసిన్నో అనుకుంట ఉరికొచ్చేదాన్ని,” అంది.

“నేను ఊకెనే పిలుస్తుంటి గదనే.”

“గది నాకెట్ల తెలుస్తది? కోపమైనా గదే గొంతు, నీళ్లడిగినా గదే గొంతు.”

నర్సింగం కూర ఉడికేదాకా అక్కడే నిలబడ్డాడు. కాకరకాయ కూరకు తిరగమోత వేస్తూ ఆమె ఇంకో మాట అంది.

“నాకు కాకరకాయ పడదు. పెండ్లైనప్పటి సంది నీకోసం వండుతున్న.”

“ఒక్కనాడన్న చెప్పకపోతివి.”

“ఇప్పుడు చెప్తున్న గద.”

ఇది జరిగి రెండేళ్లవుతోంది. ఫోనులో నర్సింగం ఇప్పటికీ అరుస్తాడు. అక్కడ మెల్లగా మాట్లాడటం అతనికి పట్టుబడలేదు. ఇంట్లో మాత్రం ఇప్పుడు సత్యవ్వే ఎక్కువ మాట్లాడుతుంది. అతను దగ్గరికి జరిగి వింటాడు.