పల్లవి రాని పాట

రెండువేల దశకం మధ్యలో నేను తెనాలి నుంచి బాపట్లకు పాసింజరు బండిలో వెళ్ళి ఇంజనీరింగు చదివేవాణ్ణి. చదివేవాణ్ణి అనడం మర్యాద కోసం. వెళ్ళి వచ్చేవాణ్ణి అన్నది నిజం. ఆ రాకపోకల్లో నాకున్న ఏకైక ఆస్తి బొటనవేలంత ఎంపీత్రీ ప్లేయరు. అందులో కొత్త సినిమా పాటలు నింపిపెట్టమని హాస్టల్లో ఉండే మా క్లాసు కుర్రాడికిచ్చాను. వాడు విశాఖపట్నం వాడు. సముద్రం పక్కన పుట్టినందుకు తనకు అభిరుచి ఉందని నమ్మేవాడు. బాపట్లకూ సముద్రముందని చెప్పినా లెక్కచేసేవాడు కాదు.

"సినిమా పాటలన్నీ తీసేశాన్రా. యాంబియంట్ వేశాను. ఎలక్ట్రానిక్ మ్యూజిక్," అన్నాడు ప్లేయరు తిరిగిస్తూ.

"పాడిందెవరు?"

"ఎవరూ పాడరు. మాటలుండవు. బీటుండదు."

"మరి ఏముంటుందిరా?"

"స్పేస్ ఉంటుంది," అన్నాడు, ఆ స్పేసేదో వాళ్ళ నాన్న పేరున రిజిస్టరై ఉన్నట్టు.

సాయంత్రం బండి కదిలాక చెవుల్లో పెట్టుకున్నాను. చక్రాల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. వాల్యూము పెంచాను. బ్యాటరీ తీసి, తొడకు రుద్ది మళ్ళీ వేశాను. ఎదురు సీటు పెద్దాయన నా అవస్థ చూసి, "ఇటివ్వు బాబూ," అని ఒక ఇయర్‌ఫోను లాక్కుని కాసేపు విన్నాడు. "టవర్ లేదనుకుంటానయ్యా. పొన్నూరు దాటితే వస్తుందిలే," అని తిరిగిచ్చాడు. నా మొదటి సంగీత విమర్శకుడు ఆయనే.

నిడుబ్రోలు దగ్గర ఎక్స్‌ప్రెస్సుకు దారివ్వడానికి మా బండిని ఆపేశారు. మా బండి పుట్టిందే దారివ్వడానికి. ఇంజను ఊరుకుంది, జనం పల్లీలు ఒలుచుకోవడంలో పడ్డారు. అప్పుడు వినబడింది. మొదట అది బయటి శబ్దమనుకున్నాను. కోత కోసిన చేల మీదుగా, కరెంటు తీగల్లోంచి ఎవరో ఊపిరి వదలకుండా ఒకే స్వరాన్ని పట్టుకున్నట్టుంది. దాని కిందనుంచి ఇంకో స్వరం నెమ్మదిగా లేచింది, తొందరేమీ లేదన్నట్టు. ఇయర్‌ఫోన్లు తీస్తే చేలు మామూలు చేలే. పెడితే అవే చేలు అంతు లేకుండా సాగిపోతున్నాయి. ఎక్స్‌ప్రెస్సు ఎప్పుడు వెళ్ళిందో, మా బండి ఎప్పుడు కదిలిందో తెలియలేదు.

ఆ రోజు నుంచి నేను తెలుగు జాతి మొత్తం మీద జాలిపడడం మొదలుపెట్టాను. హోటల్లో పాట మోగితే ముఖం చిట్లించేవాణ్ణి. "మౌనంలో కూడా సంగీతముంది" అని టీ కొట్టు దగ్గర ఉపన్యసించేవాణ్ణి. స్నేహితులు ఎంతో ఓర్పుతో విని, వేరే టీ కొట్టు చూసుకున్నారు.

ఇక మిగిలింది మా నాన్న. ఆయన పగలు బళ్ళో తెలుగు మాష్టారు, సెలవుల్లో పద్య నాటకాల్లో రాజు. తెనాలిలో ఆ జబ్బు చాలామందికుంది గానీ ఆయనది ముదిరిన కేసు. పద్యం చివర రాగం అందుకుంటే జనం చప్పట్లు కొట్టేదాకా ఆపేవారు కాదు. కొట్టకపోతే అసలు ఆపేవారు కాదు. ఒక ఆదివారం ఆయనకు వినిపించాను. కళ్ళు మూసుకుని, తొడమీద తాళానికి చెయ్యి సిద్ధం చేసుకుని కూర్చున్నారు. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"శ్రుతి బాగానే పెట్టారు. పల్లవెప్పుడు మొదలవుద్దిరా?"

"మొదలవదు నాన్నా. ఇదే పాట."

"కచేరీకొచ్చి తంబురా మీటి వెళ్ళిపోయాడా! వాడికి సంభావన కూడా ఇచ్చారా?"

అదే నెలలో రేపల్లెలో మా మేనత్త కూతురికి నిశ్చితార్థం. అత్తయ్య ఫోన్ చేసి, "అల్లుడూ, పాటల సంగతి నువ్వే చూడు. పెళ్ళివారు పెద్ద చదువులవాళ్ళు. ఊగిపోయే పాటలు పెట్టి పరువు తియ్యకు. క్లాసుగా ఉండాలి," అంది. క్లాసు అన్న మాట నాతో అనకుండా ఉండాల్సింది.

తాంబూలాలు మార్చుకున్నాక భోజనాల వేళ నా ప్లేయరు పిన్ను మైకుసెట్టు పెట్టెకు తగిలించాను. పందిరి నలుమూలలా ఉన్న బాక్సుల్లోంచి గుమ్మని ఒక స్వరం బయల్దేరింది. మైకుసెట్టాయన అన్నం చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు. "ఎర్త్ కొడుతోందండీ!" అంటూ పెట్టె వెనక వైర్లు పీకి మళ్ళీ పెట్టాడు. బాగానే ఉందన్నాను. నా వంక జాలిగా చూసి మళ్ళీ పీకాడు. ఈసారి తిరిగి పెట్టేసరికి స్వరం మరింత బరువుగా కిందికి దిగింది. ఒక పసివాడు ఏడుపు అందుకున్నాడు. పెళ్ళికొడుకు పెదనాన్న పప్పులో వేళ్ళు ఆపి, "ఏంటండీ ఈ చప్పుడు? ఊళ్ళో ఎవరైనా పోయారా?" అన్నాడు.

పందిరి చల్లబడింది. శుభమా అని తాంబూలాలు పుచ్చుకున్న పూట ఆ మాట రాకూడదు. అత్తయ్య నన్ను చూసిన చూపులో మేనల్లుడన్న కనికరమేమీ లేదు. ఆపేద్దామని చెయ్యి చాపాను. ఎక్కణ్ణించొచ్చారో, నాన్న నా చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో మైకు అందుకున్నారు.

"కంగారు పడకండి బావగారూ, శ్రుతి వేయించాను. వధూవరులకు పద్యం!"

అప్పటికప్పుడు కట్టిన పద్యం, సరిగ్గా ఆ స్వరం మీద ఎత్తుకున్నారు. నా స్పేసంతా నిండిపోయింది. మూడో పాదంలో యంత్రం తన ధోరణిలో పైస్వరానికి జారింది. నాన్న ఒక్క క్షణం బాక్సు వంక కోపంగా చూసి, బంధువుల ముందు ఓడడం ఇష్టంలేక తానూ పైకెళ్ళారు. మెడ నరాలు ఉబ్బాయి. చివరికి నా సంగీతం నెమ్మదిగా సన్నగిల్లి ఆగిపోయింది. నాన్న ఆగలేదు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆ పెదనాన్నే. "వన్స్ మోర్!" అని కూడా అన్నాడు, పాపం ఆ మాట ఫలితం తెలియక.

నాకు మాత్రం కడుపు మండిపోయింది. అంత గొప్ప కళను హార్మోనియం పనికి పెట్టారని తిరుగు ప్రయాణంలో బస్సు చెరుకుపల్లి దాటేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నాన్నే అన్నారు: "బానే ఉందిరా. కాకపోతే మధ్యలో శ్రుతి మార్చొద్దని ఆ వాయించే కుర్రాడికి ఒక ముక్క చెప్పు."

ఆ వారమే నా ప్లేయరు నాన్నతో నాటకం రిహార్సళ్ళకు వెళ్ళిపోయింది. వాళ్ళ నాటక సమాజంలో దాన్ని సీమ తంబురా అని పిలిచేవారట. ఒకసారి అడిగి వెనక్కి తీసుకుని, "మీరు పాడకుండా ఒక్కసారి పూర్తిగా వినండి నాన్నా," అన్నాను. వసారాలో పడక్కుర్చీలో కూర్చుని పెట్టుకున్నారు. పెదవులు రెండుసార్లు కదిలాయి, ఆగిపోయాయి. కళ్ళు మూసుకుని అలాగే వెనక్కి వాలారు. నేను పక్కన గట్టు మీద కూర్చుని ఆయన ముఖమే చూస్తున్నాను.

వంటింట్లోంచి అమ్మ తడి చేతులతో బయటికొచ్చి, ఆయన నుదురు తడిమి, "ఏంటండీ, ఒంట్లో బాలేదా?" అంది.