పెన్న సొంత నీళ్లు

ఉరవకొండలో బోరు మోటారు కాలిపోతే రామదాసు దగ్గరికి తెస్తారు. బోర్లలో నీళ్లు అడుగంటేకొద్దీ మోటార్లు ఎక్కువగా కాలుతాయి కాబట్టి, ఆ చుట్టుపక్కల కరువువల్ల బాగుపడినవాడు అతనొక్కడేనని స్నేహితులు ఎగతాళి చేస్తారు. అతను నవ్వి ఊరుకుంటాడు. రాగితీగ ఎన్ని చుట్లు చుట్టాడో ఒకసారి లెక్కపెట్టి, నమ్మకం చాలక విప్పి మళ్లీ చుట్టే మనిషి. ఈ గుణం మోటార్లకు మంచిదే. కట్టుకున్న భార్యకు అంత మంచిది కాదు. తాళం వేశామా లేదా అని వెనక్కి వెళ్లి చూసివచ్చే మొగుడితో ఇరవై రెండేళ్లలో ఓబమ్మ ఎన్ని బస్సులు పోగొట్టుకుందో ఆమెకే తెలుసు.

ఈ గుణం తండ్రి వెంకటేశులు నుంచి వచ్చింది. ఆయన ముప్పై ఏళ్లు తుంగభద్ర ఎగువ కాలువ మీద లస్కరు. కాలువ గట్టున తిరుగుతూ, తూములు తిప్పుతూ, ఎవరి వంతు నీళ్లు వాళ్లకు వదిలే చిన్న ఉద్యోగం. తూము తెరిస్తే పైఊరివాళ్లు తిట్టేవారు, మూస్తే కిందిఊరివాళ్లు తిట్టేవారు. సగం తెరిస్తే ఇద్దరూ కలిసి వచ్చేవారు. ఎనభై రెండో ఏట, ఈ వేసవి మొదట్లో, మంచం మీద నుంచి కొడుకును పిలిచి ఆయన చెప్పిన చివరి మాట ఇది.

"నన్ను కాల్చి పెన్న నీళ్లలో కలుపు నాయనా. తుంగభద్ర నీళ్లలో మాత్రం వద్దు. ఆ నీళ్లకోసరం నేను తిన్న తిట్లు చాలు."

వినడానికి చిన్న కోరికే. వాళ్లు ఉండే పల్లె ఉరవకొండకు దగ్గర్లో, పెన్న ఒడ్డునే ఉంది. లేనిదల్లా నీళ్లే. ఏరు పారి మూడేళ్లయింది.

పెన్న సంగతి వెంకటేశులు కొడుక్కి చిన్నప్పుడే కథలాగా చెప్పాడు. కన్నడ సీమలో నందికొండల్లో పుట్టి, అక్కడ ఉత్తర పినాకిని అనిపించుకుని, కొంతదూరం ఉత్తరానికి నడిచి, ఏదో మరిచిపోయి గుర్తొచ్చినట్టు తూర్పుకు తిరిగి, తాడిపత్రి దాటి, గండికోట కొండల్ని కోసుకుని, నెల్లూరు కింద సముద్రంలో కలుస్తుంది. ఆయన పిల్లవాడుగా ఉన్నప్పుడు కార్తీకం దాకా పారేదట. తర్వాత దారిపొడుగునా చెరువులూ ఆనకట్టలూ తలా ఒక దోసిలి పట్టుకోగా, ఈ పల్లెలకు ఇసుక మిగిలింది. ఇక్కడి డ్యాముల్లో నిలిచేవి చాలావరకు కాలువలు మోసుకొచ్చిన పరాయి నీళ్లు. ఏ డ్యాములో ఎవరి నీళ్లున్నాయో వెంకటేశులుకు చుట్టాల ఇంటిపేర్లలా నోటికి వచ్చు. అదంతా కొడుక్కీ నేర్పడమే పొరపాటయింది. తెలియనివాడైతే కనబడిన నీళ్లలో అస్థికలు కలిపి, తలస్నానం చేసి, మధ్యాహ్నానికి అన్నానికి కూర్చునేవాడు.

ఆయన పోయిన తొమ్మిదో రోజుకు కూడా అస్థికల కుండ ఇంటిముందు వేపకొమ్మకే వేలాడుతోంది. పదకొండో రోజు కర్మ. చుట్టాలందరికీ కబురు వెళ్లింది.

"ఆ పొద్దుటికి మామ ఇంకా చెట్టుకే ఊగుతాంటే వచ్చినోళ్లకు ఏం చెప్పాల?" అంది ఓబమ్మ.

పదో రోజు తెల్లవారగానే రామదాసు కుండ ఒళ్లో పెట్టుకుని జమీల్ ఆటో ఎక్కాడు. జమీల్ పక్క వీధి కుర్రాడు. చిన్నప్పుడు వెంకటేశులు వెంట కాలువగట్టున తిరిగి, ఆయనతోపాటు తిట్లు కూడా పంచుకున్నవాడు.

ముందు పెన్నహోబిలం జలాశయానికి వెళ్లారు. ఊరికి దిగువన పన్నెండు మైళ్లు. నీళ్లు కంటికి ఆనినంత మేర మెరుస్తున్నాయి. జమీల్ ఆటో ఆపి, చెప్పులు విడిచి, భక్తిగా పక్కకు నిలబడ్డాడు. రామదాసు దిగలేదు.

"ఏమన్నా, దిగు."

"ఇవి తుంగభద్ర నీళ్లురా. కొంచెం కృష్ణ నీళ్లు కూడా ఉండాయి."

"డ్యాము పేరులోనే పెన్న ఉండాది కదన్నా."

"పేరు పెన్నది. నీళ్లు బాడుగవి."

జమీల్ మళ్లీ చెప్పులు వేసుకున్నాడు.

పామిడి దగ్గర వంతెన మీద నుంచి చూస్తే ఇసుక, తుమ్మచెట్లు, క్రికెట్ ఆడుతున్న పిల్లలు. అక్కడే ఒక ముసలమ్మ చెయ్యి ఎత్తింది. దారిలో మనుషుల్ని ఎక్కించుకునే అలవాటులో జమీల్ ఆపేశాడు. ఆమె ఎక్కి, సర్దుకుని కూర్చుని, గుడ్డ కట్టిన కుండను ఆప్యాయంగా చూసింది.

"ఏం పచ్చడప్పా?"

రామదాసుకు అబద్ధం ఆడటం రాదు. "మా నాయన," అన్నాడు.

ముసలమ్మ కుండనొకసారి, రామదాసునొకసారి చూసింది. "మెల్లగా పోనీ అప్పా," అని జమీల్‌తో చెప్పి, కొంగు తలమీదికి లాక్కుని, దిగేదాకా కుండకు దణ్ణం పెట్టిన చేతులు విప్పలేదు. దిగి బాడుగ ఇవ్వబోతే జమీల్ తీసుకోలేదు. పెద్దాయన లెక్కలో పోయిందిలే అన్నాడు.

తాడిపత్రి ఇంకా రాకముందే, ఒకచోట ఏటి నడుమ నిజంగానే మడుగు కనిపించింది. బర్రెలు పడుకుని ఉన్నాయి. రామదాసు కుండతో ఇసుకలోకి పరుగు పెట్టాడు. నలభై తొమ్మిదేళ్ల మనిషి అంత పరుగు పెట్టడం జమీల్ ఎప్పుడూ చూడలేదు. నీళ్ల అంచున మోకాళ్లు ముడిచి, కుండ గుడ్డ విప్పబోయి, పాత అలవాటు చొప్పున ఆగాడు. బర్రెల దగ్గరున్న మనిషిని అడిగాడు.

"ఏమప్పా, ఈ నీళ్లు ఎప్పటినుంచి ఉండాయి?"

"మొన్నటినుంచి. ఆడ తాగేనీళ్ల పైపు పగిలింది కదా."

"ఏ నీళ్ల పైపు?"

"ఇంకేం నీళ్లుండాయప్పా ఈడ? తుంగభద్రవే."

జమీల్ ఇసుకలో చతికిలపడి, కడుపు పట్టుకుని నవ్వాడు. "తుంగభద్ర పెద్దాయన్ను వదిలేట్టు లేదన్నా. రిటైరైనా పిలుస్తాంది."

రామదాసుకు నవ్వు రాలేదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. జమీల్ గమనించి నవ్వు ఆపేశాడు. "నెల్లూరు దాకా పోదామా? నేను వస్తా," అన్నాడు మెత్తగా.

"ఆడికి పోయేటప్పటికి కుందూ, పాపాఘ్ని, చెయ్యేరు అన్నీ కలిసిపోయింటాయి. కృష్ణ నీళ్లు కూడా. పెన్నను యాడని ఏరుకునేది?" రామదాసు గుడ్డ మళ్లీ బిగించాడు. "ఇంటికి పోదాం పా. నా చేత కాలేదని చుట్టాలకు చెప్పేస్తా."

దారిలో ఫోన్ చేసి ఓబమ్మకు ఆ మాటే చెప్పాడు. ఆమె తిట్టలేదు. "ఇంటికి రావద్దు, ఏటికి రా," అని పెట్టేసింది. ఆమె తిట్టకపోవడం రామదాసును మరింత భయపెట్టింది.

పొద్దు వాలుతుండగా ఊరిపక్క ఏట్లోకి దిగారు. ఓబమ్మ చీర కుచ్చెళ్లు ఎగగట్టి, ఇసుకలో గొయ్యి తవ్వుతోంది. పక్కన ఇనుప బాండ్లీ, తడి ఇసుక కుప్ప. గొయ్యి తొడల లోతు ఉంది. అడుగున జానెడు నీళ్లు, అద్దంలా.

"చెలిమ తీసినావా వదినా?" అన్నాడు జమీల్.

"మరి? నీళ్లలో కలపమన్నాడు మామ. పారే నీళ్లని అన్నాడా?"

రామదాసు వంగి చూశాడు. చూసి, అతను రామదాసు కాబట్టి, అడిగాడు. "ఇవి పెన్న నీళ్లేనా? డ్యాము నీళ్లు ఇసుక కింద ఊరి వచ్చినాయేమో."

ఓబమ్మ బాండ్లీని పక్కకు తోసింది. "డ్యాము యాడుండాది?"

"దిగువన."

"నీళ్లు ఎగువకు ఎక్కుతాయా, మోటారు లేకుండా?"

ఊరంతటికీ మోటార్లు బాగుచేసే మనిషి తల గోక్కున్నాడు.

"పొద్దున్నే చెప్పింటే రెండువందల కిలోమీటర్లు తప్పేది కదే," అన్నాడు.

"నువ్వు అడిగినావా? మూడు జిల్లాల కాలువలు ఏకరువు పెట్టి ఆటో ఎక్కినావు."

రామదాసు చెలిమలోకి దిగాడు. నీళ్లు చీలమండలకు చల్లగా తగిలాయి. కుండ గుడ్డ విప్పి, రెండు చేతులతో మెల్లగా తండ్రిని నీళ్లలో వదిలాడు. నీళ్లు తెల్లగా మసకబారాయి. అడుగు నుంచి ఊట పైకి వస్తూనే ఉంది.

"ఇప్పుడు పెద్దాయన యాడికి పోతాడన్నా?" అన్నాడు జమీల్.

"ఇసుక కింద మెల్లగా దిగువకు..." అని మొదలుపెట్టి రామదాసు టక్కున ఆగాడు. దిగువన పన్నెండు మైళ్లలో డ్యాము ఉంది. డ్యాములో తుంగభద్ర ఉంది. అతను నోరు తెరిచాడు.

ఓబమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని అతని వంకే చూస్తోంది.

రామదాసు నోరు మూసుకుని, చెలిమలోంచి చెయ్యి చాచాడు, పైకి లాగమని.